పత్తికట్టె కింది కౌజు

పాల్వంచ దాటి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద ఈ మధ్య ఒక హోటలు వెలిసింది. పల్లెటూరి భోజనం అని పెద్ద బోర్డు, పేడతో అలికినట్టు కనబడాలని రంగు పూసిన సిమెంటు గోడలు, ఆ గోడలకు మేకులు కొట్టి తగిలించిన చేట, జల్లెడ, ఏ చేనూ ఎరగని ఒక నాగలి. మొన్న ఆదివారం గోదావరి చూసి తిరిగి వస్తూ నేనూ మా ఆయనా ఏడేళ్ళ మా పాపా అక్కడ ఆగాం. మా బల్లకు సరిగ్గా పైన ఒక వెదురు పంజరం వేలాడుతోంది. బోర్లించిన గంపలాగా గుండ్రంగా ఉంది, పైన చేత్తో పట్టుకోవడానికి కొంకి, చుట్టూ సగం దాకా ఆకుపచ్చ గుడ్డ. లోపల బల్బు పెట్టారు. ఆ వెలుతురు గుడ్డలోంచి జారి మా అన్నం మీద పచ్చగా పడుతోంది. ఇదేమిటని వడ్డించే ఆయన్ని అడిగితే, "పాతకాలం లైటు మేడం, మస్తు మంది ఫోటోలు దిగుతరు" అన్నాడు.

అది లైటు కాదు. పెంచిన కౌజు పిట్టను చూపించి అడవి కౌజుల్ని పట్టే పంజరం. దాని గుడ్డకు రెట్ట వాసన, చెదపుట్ట మన్ను వాసన, ఏళ్ళ తరబడి పట్టుకున్న చేతి చెమట వాసన ఉండాలి. దీనికి ఫినాయిలు వాసన ఉంది. పైగా తినే వస్తువుల పట్టీలో కౌజు వేపుడు కూడా ఉంది, ఫారంలో బల్బుల కింద పెరిగి, పరుగూ ఎగురుడూ రెండూ తెలియకుండానే మూకుట్లోకి చేరే గుప్పెడు పిట్ట. దానికి ఆ పేరు పెట్టినవాడు అసలు కౌజును ఒక్కసారి చూసి ఉన్నా సిగ్గుపడేవాడు.

ఈ హోటలువాళ్ళను మాత్రం ఏమనగలం, రాసేవాళ్ళే అలా తగలడ్డారు. చిన్నతనం గురించి ఎవరు రాసినా ఇప్పుడు ఒకటే పాట. అప్పట్లో మనుషులూ పిట్టలూ ఒక కుటుంబంలా బతికారట, వాకిట్లో గింజలు చల్లితే వచ్చి భుజం మీద వాలేవట, ఆ స్నేహం ఈ తరానికి తెలియదట. చదువుతుంటే వాళ్ళ ఊళ్ళో ఎన్నడూ ఎవరూ పొయ్యి మీద కూర పెట్టలేదేమో అనిపిస్తుంది. మా ఊళ్ళో పెట్టేవాళ్ళం. మా ఇంటి వెనక కౌజులు ఉండేవి, మేము వాటిని తినేవాళ్ళం, అవి మమ్మల్ని చూసి పారిపోయేవి. ఆ ఏర్పాటులో ఎవరు ఎవరో ఇద్దరికీ తెలుసు. నేనొక్కదాన్నే దాన్ని చెడగొట్టాను.

మాది జూలూరుపాడు నుంచి అడవి మొహాన పోతే చివరగా తగిలే ఊళ్ళలో ఒకటి. ఇటు పత్తి చేలు, మిరప చేలు, అటు ఒక వాగు, వాగు దాటితే అడవి. మా నాన్న పాల్వంచలో షిఫ్టుల పనికి వెళ్ళి వారానికోసారి బస్సు దిగేవాడు. ఇంట్లో అమ్మా, నాయనమ్మా, పెళ్ళి కాని బాబాయీ, నేనూ. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఎండాకాలం అది, రెండు వేల నాలుగో ఐదో అయి ఉంటుంది. ఇప్పపూలు రాలడం అయిపోయి, ఇల్లంతా ఆ పూల పులిసిన తీపి వాసన మిగిలి ఉండేది. చాపల మీద మామిడి ఒరుగులు, అటక మీద కొత్త చింతపండు, దండెం మీద ఆరేసిన చీరలకు అంటిన మిరప ఘాటు, నాయనమ్మ చుట్ట పొగ, నవమి పందిట్లో తాగిన పానకం మిరియం ఇంకా నాలుక మీదే ఉన్నట్టుండే ఆ రోజుల్లో బీడీలు చుట్టే తునికాకు కోత మొదలయ్యేది. తెల్లారకముందే ఆడవాళ్ళంతా అడవికి పోయి ఆకు కోసి, పొద్దెక్కాక మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చి, సాయంత్రం దాకా వాకిట్లో కూర్చొని కట్టలు కట్టేవారు. అమ్మా నాయనమ్మా వచ్చేసరికి నేను వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి ఉంచాలి. మిగిలిన పొద్దంతా వామనగుంటలు, చింతగింజలు, ఎవరి తోటలోనో తాటిముంజలు. దీన్ని బంగారు బాల్యం అనమంటే అనను. ముంజలు మాత్రం బాగుండేవి.

ఇంటి వెనక ముళ్ళకంపతో కట్టిన దడి, దడిని ఆనుకొని పెంటకుప్ప, దాని పక్కన నా నెత్తికి రెండింతల ఎత్తున పత్తికట్టె కుప్ప ఉండేది. పత్తి ఏరడం అయ్యాక చెట్లు పీకి మోపులు కట్టి ఏడాది వంటకు సరిపడా పేర్చుకునేవాళ్ళం. ఆ కుప్పకూ దడికీ మధ్య ఉన్న సందులో కౌజులు తిరిగేవి.

కౌజంటే తెలియని వాళ్ళకు చెప్పాలంటే, చిన్న కోడిపెట్టంత ఉంటుంది, ఎండిన గడ్డి రంగు, ఒళ్ళంతా సన్నని చారలు. అందం అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. నెమలి ఉన్న అడవిలో దాన్ని ఎవరూ తల తిప్పి చూడరు, అది కూడా ఎవరూ చూడకూడదనే బతుకుతుంది. నేల మీదే తిరుగుతుంది, నేల మీదే గుడ్లు పెడుతుంది, కాళ్ళతో తప్పించుకోగలిగినంతసేపు రెక్క విప్పదు. మనిషి అడుగు చప్పుడు వింటే ముందు కదలకుండా మన్నులో మన్నుగా అతుక్కుపోతుంది, అప్పుడు దాని మీద కాలు వేసే దాకా అక్కడుందని తెలియదు. వేయబోయావా, భర్రుమని పాదాల కిందనుంచి లేచి గుండె ఆగినంత పని చేసి, నాలుగు గజాల అవతల పొదలో పడుతుంది. పొద్దున్నే, పొద్దు గూకేటప్పుడు మాత్రం మగది ఊరంతా వినబడేలా కటీతర్ కటీతర్ అని అరిచేది. బడి పుస్తకంలో దాన్ని బిడియం గల పక్షి అన్నారు. బిడియమట. మా ఇంటి పెంటకుప్ప మీద పురుగులు తింటూ, మా దడి కింద నిద్రపోతూ, మా మొహం మాత్రం చూడనని ఒట్టు పెట్టుకున్న పిట్టది బిడియం కాదు. దానికి మేమంటే అసహ్యం, ఆ అసహ్యానికి దాని దగ్గర మంచి కారణాలు ఉన్నాయి.

ఆ కారణాల్లో ముఖ్యమైనవాడు మా బాబాయి. ముప్పై ఏళ్ళవాడు, ఒళ్ళు వంచడు, చేనికి రమ్మంటే నడుము నొప్పి, పాల్వంచలో పని చూపిస్తానని నాన్న అంటే అక్కడి నీళ్ళు పడవు. ఒక్క కౌజుల వేట దగ్గర మాత్రం ఆ నడుమూ ఆ నీళ్ళూ అన్నీ కుదురుకునేవి. ఆయన దగ్గర పచ్చగుడ్డ తొడిగిన పంజరంలో ఒక మగ కౌజు ఉండేది. తెల్లవారుజామున దాన్ని తీసుకెళ్ళి పొదల మధ్య పెట్టి, చుట్టూ నైలాను దారంతో ఉచ్చులు పరిచి, చాటున కూర్చునేవాడు. లోపలిది అరిస్తే, నా జాగాలో ఎవడురా అని అడవిలోది పోట్లాటకు వచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. ఆ పంజరం పిట్టకు ఆయన పాదాలు నొప్పి పుట్టేలా తిరిగి చెదపుట్టలు తవ్వి తెచ్చేవాడు, ఎండ తగలకుండా గుడ్డ తడిపేవాడు, మా నాయనమ్మకు జ్వరం వస్తే మాత్రం దవాఖానాకు తీసుకుపోవడానికి ఆయనకు తీరిక ఉండేది కాదు. ఊరంతా ఆయన్ని గొప్ప వేటగాడనేది. పిట్టకు పిట్టను అడ్డం పెట్టి తాను చెట్టు చాటున బీడీ కాల్చుకోవడం వేట అయితే ఆయన వేటగాడే.

నవమి వెళ్ళిన రెండు వారాలకు, ఒక పొద్దున పొయ్యిలోకి కట్టె లాగబోతే నా చెయ్యి కిందనుంచి ఒక పెట్ట కౌజు లేచిపోయింది. వంగి చూస్తే కుప్ప కింద, దడి వైపు మూలన, చారెడు గుంటలో నాలుగు గడ్డిపోచలు, మూడు గుడ్లు. పాలలో కాస్త టీ కలిపిన రంగు. వారం తిరిగేసరికి ఏడయ్యాయి, పెట్ట పొదుగుకు కూర్చుంది. బాబాయికి తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పంజరంలోది ముసలిదైంది, దాని బదులు పిల్లప్పటినుంచి పెంచిన పిట్ట ఒకటి కావాలని ఆయన అందరితో అంటూనే ఉన్నాడు. ఆ ఏడు గుడ్లూ పిల్లలై దడి దాటి పోయే దాకా ఆయన కంట పడకూడదు, అంతే. ఆ ఎండాకాలమంతా నాకు ఇంకో ఆలోచన లేదు.

కాబట్టి కట్టె తెచ్చే పని మొత్తం నేనే మీద వేసుకున్నాను. అమ్మను వెనక్కి పోనిచ్చేదాన్ని కాదు. పిలవకముందే మోపు తెచ్చి పొయ్యి పక్కన పడేసేదాన్ని. బిడ్డకు బుద్ధి వచ్చిందని అమ్మ పక్కింటి వాళ్ళతో చెప్పుకుంది. పత్తికట్టె చిటపటమని మండి ఇట్టే బూడిదవుతుంది, పూటకు మోపున్నర కావాలి, కాబట్టి రోజూ మూడు నాలుగుసార్లు పెరట్లోకి పోవడానికి నాకు కారణం దొరికేది. అన్నీ గూడు లేని వాకిలి వైపు నుంచే లాగేదాన్ని.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నాకు ఆ పెట్ట నన్ను గుర్తుపట్టాలని కోరిక పుట్టింది. ఊరందరినీ చూసి పారిపోయేది నన్ను చూసి పారిపోకపోతే నేనేదో గొప్పదాన్ని అవుతాననుకున్నాను. పొద్దున్నే అమ్మావాళ్ళు అడవికి పోగానే గుప్పెడు నూకలు తెచ్చి గూటికి బారెడు దూరంలో పోసి, మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. మొదటి మూడు రోజులు అది లేచిపోయింది. నాలుగో రోజు లేవకుండా కన్ను మాత్రం నా మీద పెట్టి ఉంచింది. వారానికి నేను ఉండగానే దిగి వచ్చి నూకలు తిని, మళ్ళీ గుడ్ల మీదికి పోయి కూర్చుంది. పది రోజులకు నా చేతికి జానెడు దూరంలో తినేది. దాని కంటి చుట్టూ ఉన్న సన్నటి గీత, గొంతు మీది గోధుమరంగు మచ్చ, మింగేటప్పుడు ఆ మచ్చ కదలడం, అన్నీ చూశాను. నా అడుగుల చప్పుడు వింటే బెదరడం మానేసింది. నాకు ఎంత గర్వంగా ఉండేదంటే, ఆ రోజుల్లో నేను నడిచే నడక తలుచుకుంటే ఇప్పుడు నాకే రోత పుడుతుంది.

బాబాయి ఒళ్ళు వంచడు గానీ కళ్ళు ఊరికే ఉంచడు. గడ్డి ఏ వైపు వంగిందో చూసి పిట్ట ఏ వైపు పోయిందో చెప్పే మనిషి. ఒక మధ్యాహ్నం పెరట్లో ముఖం కడుక్కుంటూ పత్తికట్టె కుప్పను చూశాడట. ఏ ఇంట్లోనైనా కుప్ప పైనుంచి తరుగుతుంది, చేతికి అందింది లాగుతారు. మాది మాత్రం వాకిలి వైపు నేల దాకా తరిగిపోయి, దడి వైపు మూల చెక్కుచెదరకుండా గోడలా నిలబడి ఉంది. ఒక పిల్ల ఇరవై రోజులుగా ఆ మూల మీద చెయ్యి వేయడం లేదంటే ఆ మూలన ఏదో ఉంది. ఇంత తెలివి ఆ మనిషి ఒక్కనాడు చేనిలో వాడి ఉంటే మా ఇల్లు పెంకుటిల్లయ్యేది.

మర్నాడు పొద్దున నేను నూకలు తీసుకొని వెళ్ళేసరికి ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. పెట్ట ఆయన రెండు చేతుల మధ్య ఉంది. ఉచ్చు లేదు, వల లేదు, పంజరం లేదు. ఊరికే నడిచి వెళ్ళి వంగి తీసుకున్నాడు. మనిషి అడుగుల చప్పుడు వినబడితే అది నూకలొచ్చాయనుకుంది.

"నువ్వే పట్టిచ్చినవే పిల్లా," అన్నాడు, నిజంగా మెచ్చుకుంటూ. "అడవి పిట్టను గిట్ల మచ్చిక చేసుడు నాకు పదేండ్ల నుంచి చాతనైతలేదు."

ఇప్పటిదాకా నన్ను ఎంతోమంది ఎన్నో మాటలన్నారు. అంత నీచమైన మెచ్చుకోలు మళ్ళీ వినలేదు.

మధ్యాహ్నం అది కూరైంది. ఉల్లిగడ్డ, కొత్త కారం, చివర్లో గసగసాలు, అమ్మ బాగా వండేది. నాయనమ్మ తునికాకు కట్టలు పక్కకు నెట్టి కంచం ముందేసుకుంది. నేను ఏడ్చి అలిగి పడుకున్నానని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. కాసేపు ఏడ్చాను. తరవాత అమ్మ ఒక కాలు ముక్క నా కంచంలో వేసి, "తిను, సల్లారితే బాగుండది" అంది. తిన్నాను. బాగుంది కూడా. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది కాబట్టే పిట్టలతో స్నేహం గురించి రాసేవాళ్ళను చూస్తే నాకు మండుతుంది.

గుడ్లను బాబాయి మా పొదుగు కోడి కిందికి మార్చాడు. ఆ కోడి అంత మొద్దుది లేదు, దాని గుడ్లు తీసి ఇవి పెడితే రంగు తేడా కూడా చూడకుండా కూర్చుంది. నాలుగు రోజులకు ఆరు పిల్లలయ్యాయి, ఒకటి మురిగిపోయింది. బొటనవేలంత పిల్లలు, వీపు మీద మూడు గోధుమరంగు చారలు, పుట్టిన పూటే పరుగు. కోడినీ పిల్లల్నీ పెద్ద గంప కింద మూసి పెట్టి, వాటికి చెదలు వేసే పని బాబాయి నాకు అప్పజెప్పాడు. మచ్చిక చేయడంలో చెయ్యి తిరిగిన దాన్ని కదా. రెండు రోజులు వేశాను. మూడో రోజు గంప ఎత్తగానే ఆరూ కోడిని వదిలి నా పాదాల దగ్గరికి పరిగెత్తుకొచ్చి, వేళ్ళ మీదికి ఎక్కి, మొహం వైపు చూస్తూ నిలబడ్డాయి.

దడి అవతల మగది ఆ పొద్దున కూడా అరుస్తూనే ఉంది. పెట్ట పోయిన నాటి నుంచి రోజూ అరుస్తోంది. బాబాయి ఇంట్లో పంజరం గుడ్డ ఉతుక్కుంటున్నాడు, కొత్త పిట్ట కోసం.

గంప పక్కకు పెట్టేశాను. పిల్లల్ని దడి వైపు తోలాను. అవి పోలేదు, తిరిగి తిరిగి నా కాళ్ళ దగ్గరికే వచ్చాయి. చేత్తో నెట్టాను, ఆటనుకున్నాయి. అప్పుడు నేల మీది మట్టి పెడ్డ తీసి విసిరాను. ఒకటి, ఇంకోటి, చేతికి దొరికినవన్నీ, కాలు నేలకేసి కొడుతూ, నోటికొచ్చిన తిట్లు తిడుతూ. కోడి రెక్కలు విదిలించి కేకలు పెట్టింది. ఒక పెడ్డ ఒక పిల్లకు తగిలింది. అది పక్కకు ఒరిగి కాళ్ళు చాపేసింది. మిగిలిన అయిదూ దాన్ని చూశాయో, నన్ను చూశాయో తెలియదు, మట్టిలో మట్టిగా అతుక్కుపోయాయి, నేను ఇంకో అడుగు వేయగానే లేచి ముళ్ళకంప కిందినుంచి అవతలికి దూరిపోయాయి. అటు అరుపు ఆగిపోయింది. మళ్ళీ వినబడినప్పుడు ఆ గొంతు వాగు వైపుకు దూరంగా పోయింది.

పిల్లి వచ్చిందని చెప్పాను. బాబాయి నేల మీద పడి ఉన్న పెడ్డల్ని చూశాడు, నా చేతికున్న మట్టిని చూశాడు, చచ్చిన పిల్లను చూశాడు. కొట్టలేదు. "దేనికీ పనికిరావే నువ్వు" అని లోపలికి పోయాడు. ఆయన నోట నా గురించి వచ్చిన మంచి మాట అదొక్కటే.

ఆ అయిదూ బతికాయో లేదో నాకు తెలియదు. ముంగిస తినే ఉంటుంది, పాము తినే ఉంటుంది, వానలకు ఒకటో రెండో మిగిలి ఉండవచ్చు. ఆ వానాకాలం వాగు వైపు అరుపులు వినబడితే అవేనని అనుకునేదాన్ని, తొమ్మిదేళ్ళప్పుడు మనిషి ఏదైనా అనుకుంటుంది. ఆ పెరడు ఇప్పుడు లేదు. ముళ్ళదడి బదులు ఇటుక గోడ, పెంటకుప్ప మీద బాత్రూము, పత్తికట్టెను చేలోనే ట్రాక్టరుతో తొక్కించేస్తున్నారు, వంటింట్లో సిలిండరు. తునికాకుకు పోయేవాళ్ళు ఊరికి నలుగురు లేరు. నాయనమ్మ పోయింది. బాబాయి మోకాళ్ళు అరిగి ఆ గోడ నీడన కుర్చీ వేసుకొని, ఫోనులో కౌజు అరుపు పెట్టుకొని వింటూ, దారిన పోయే పిల్లలను పిలిచి తనకు పిట్టలంటే ఎంత ప్రాణమో చెబుతుంటాడు. చెబుతూ కళ్ళు కూడా తుడుచుకుంటాడు. నేను వెళ్ళినప్పుడు ఆ కుర్చీ వైపు కూర్చోను.

హోటల్లో మా ఆయన చేతులు కడుక్కొని వచ్చేసరికి పాప కనబడలేదు, వెతుకుతూ బయటికి వచ్చాను. వెనక కార్లు ఆపే చోట, తీగల కంచె అవతల కాస్త పొద మిగిలింది. వంటవాళ్ళు అక్కడ మిగిలిన అన్నం పారబోస్తారు కాబోలు, రెండు కౌజులు ఆరుబయటికి వచ్చి కారు చక్రాల మధ్య తిరుగుతున్నాయి. నలుగురైదుగురు ఫోనులు పట్టుకొని చుట్టూ నిలబడి ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంటున్నారు. మా పాప మోకాళ్ళ మీద కూర్చొని అరచేతిలో అప్పడం ముక్క పెట్టుకొని ఉంది. ఒక కౌజు ఆ చేతికి జానెడు దూరంలో ఉంది. గొంతు మీద గోధుమరంగు మచ్చ.

కంకర రాయి తీసి విసిరాను. గురి తప్పించే విసిరాను, ఇప్పుడు ఆ మాత్రం చేతనవును. ఇంకొకటి విసిరాను, కాలు నేలకేసి కొట్టాను. రెండూ భర్రుమని లేచి పొదలో పడ్డాయి. ఫోనులవాళ్ళు నన్ను చూసిన చూపులో ఎంత చీదరింపు ఉండాలో అంత ఉంది. చదువుకున్నదానిలా ఉంది, ఇదేం బుద్ధి అని ఒకావిడ పైకే అంది.

పాప కళ్ళ నిండా నీళ్ళు. "ఎందుకు కొట్టినవమ్మా, అది నాకు భయపడ్తలేదు."

"అవ్," అన్నాను. "గందుకే."

కారెక్కి తను అటు తిరిగి కూర్చుంది. మేము కదిలేదాకా నేను ఆ పొద వైపే చూశాను. ఒక్క ఆకు కూడా కదల్లేదు.